కళ్ళు దిద్దే రోజు

పోయిన వారం రేచల్‌ని మాచర్ల బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చెవిలో నెహెమ్యా గొంతు కూడా అట్లాగే ఉంది. "మేడం, మీరొకసారి దుర్గి రావాల. ఫోన్లో చెప్పేది కాదు" అని పెట్టేశాడు. విడుదలైనప్పటి నుంచి అతను తనంతట తాను ఫోన్ చెయ్యడం అదే మొదలు. ఎప్పుడూ పిలవని మనిషి పిలిచాడంటే అది మంచి కబురు కాదని రేచల్‌కి ఆమె ఉద్యోగమే నేర్పింది.

ఆ ఉద్యోగం గురించి మరిచిపోయినవాళ్ళకి ఒక ముక్క చెప్పుకోవాలి. రేచల్ నరసరావుపేటలో ప్రొబేషన్ ఆఫీసరు. గడువుకి ముందే జైలు నుంచి బయటికొచ్చినవాళ్ళు మళ్ళీ నలుగురిలో పడి బతికేలా చూడటం ఆమె పని. షరతు తప్పితే పైకి రాసి మళ్ళీ జైలుకి పంపించడమూ ఆమె పనే. ఈ రెండు పనులూ ఒక్క మనిషికే ఎందుకు అప్పగించారో ప్రభుత్వానికే తెలియాలి.

నెహెమ్యా బెల్లంకొండ అవతల ఊళ్ళో పత్తి వేసిన కౌలు రైతు. ఒక ఏడు మొక్క నిలువెత్తు పెరిగింది గానీ కాయ పట్టలేదు. విత్తనాలు నకిలీవి. అడగడానికి కొట్టుకు వెళ్ళాడు. మాటా మాటా పెరిగింది. కాటా పక్కనున్న ఇనప గుండు చేతికందింది. కొట్టువాళ్ళ పెద్దబ్బాయి చెన్నకేశవులు కుడి కణతకి దెబ్బ తగిలి అక్కడికక్కడే పోయాడు. నెహెమ్యాకి యావజ్జీవం పడింది. సత్ప్రవర్తన చూసి పద్నాలుగేళ్ళకి వదిలేటప్పుడు పెట్టిన షరతుల్లో రెండు గట్టివి. ఒకటి, ఆ ఊళ్ళో అడుగు పెట్టకూడదు. రెండు, ఆ కుటుంబం కంటపడకూడదు. ఏది తప్పినా విడుదల రద్దవుతుంది.

అందుకే రేచల్ వెతికి వెతికి దుర్గిలో పని చూపించింది. ఆ ఊరికి దూరం, బంధువులు లేరు, రాయి చెక్కే షెడ్డులో ఎవరి గోల వారిది. షెడ్డు యజమాని పుల్లయ్యకి ఇతను ఖూనీ కేసులో జైలు నుంచి వచ్చాడని దాచకుండా చెప్పింది. ఆయన ఉలి పక్కన పెట్టి, "ఎవర్ని, ఎందుకు అనేది మాత్రం నాకు చెప్పమాకమ్మా. తెలిస్తే రోజూ అదే కనపడుద్ది" అన్నాడు. రేచల్ చెప్పలేదు. ఎంత మంచి మనిషి అనుకుని సంబరపడింది కూడా.

బస్సు దిగి రేచల్ షెడ్డు దాకా నడిచింది. ఆఫీసుకి జీపు ఉంది గానీ ఆమె ఎప్పుడూ జీపులో రాదు. జీపు ఆగిన గుమ్మం ముందు ఊరంతా ఆగుతుంది, సాయంత్రానికి ఆ మనిషికి పని పోతుంది. అందుకని నేత చీర కట్టుకుని, చర్చికి పోతున్నదానిలా వస్తుంది. షెడ్డులో మిగతా పనివాళ్ళకి ఆమె నెహెమ్యా పిన్ని కూతురు.

గేటు లోపల ఆంజనేయస్వాములూ, నందులూ, మేరీమాతలూ ఒకే దుమ్ములో ఒకే వరసలో నిలబడి ఉన్నారు. పుల్లయ్య కళ్ళజోడు పైకి తోసి చూసి, పనివాళ్ళకి వినపడేలా అన్నాడు.

"రామ్మా. మీ అన్న రెండ్రోజులుగా అన్నం తినట్లా. అడిగితే పలకడు. నువ్వన్నా అడుగు."

నెహెమ్యా షెడ్డు వెనక రేకుల పంచన ఉన్నాడు. గడ్డం నెరిసి, మనిషి సగమయ్యాడు. చేతులు నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయాయి. చెక్కడం అతనికి ఇంకా రాలేదు. చెక్కిన రాయిని నీళ్ళు పోస్తూ సానరాయితో రుద్ది నునుపు చెయ్యడం అతని పని. రేచల్‌ని చూసి ఒక బొమ్మ మీద కప్పిన పట్టా తీశాడు.

నడుం దాకా చెక్కిన మనిషి. చొక్కా కాలరు, జేబులో పెన్ను, ఒత్తుగా పక్కకి దువ్విన జుట్టు. పట్టుమని ముప్పై ఏళ్ళుండవు. బుగ్గలు అద్దంలా మెరుస్తున్నాయి. కళ్ళ చోట మాత్రం ఇంకా ఏమీ లేదు.

"ఎవరయ్యా ఇది?" అంది రేచల్.

"కేశవ, మేడం."

ఏ కేశవ అని అడగబోయి ఆమె ఆగిపోయింది. చెన్నకేశవులు. ఆమె పక్కనున్న రాతి దిమ్మ మీద కూర్చుంది.

"పుల్లయ్య మేస్త్రి ఫోన్లో ఫోటో చూసి చెక్కాడు. నేను ఫోటో చూళ్ళా. నా దగ్గరికి రాయే వచ్చింది" అన్నాడు నెహెమ్యా. "నీళ్ళు పోసి రుద్దతా ఉంటే రోజుకింత బయటికొచ్చాడు. మొదట ఎవరో తెలిసిన మొహమే అనుకున్నా. గడ్డం కాడికొచ్చేసరికి తెలిసిపోయింది."

"తెలిసిన రోజే నాకెందుకు చెప్పలేదు?"

అతను బొమ్మ కుడి కణత వైపు చూశాడు. "ఈడ చెయ్యి ఆగిపోయింది మేడం. మిగతాదంతా నునుపు చేసి ఈడ గరుగ్గా ఎట్టా వదలను? అది అయిందాకా ఉందామనుకున్నా."

రేచల్‌కి కోపం ముంచుకొచ్చింది. "నీకేమన్నా పిచ్చా? వాళ్ళ కంటపడితే ఏమవుతుందో తెలుసా? మళ్ళీ జైలు. నీకోసం పద్నాలుగేళ్ళు కాచుకున్న నీ భార్య కరుణమ్మ సంగతేంటి? ఎప్పుడొస్తారు వాళ్ళు?"

"ఇయ్యాలే. కళ్ళు దిద్దే రోజు."

పుల్లయ్యకి ఒక పద్ధతి ఉంది. మనిషి బొమ్మ అయితే కళ్ళు ఆఖర్న, ఇంటివాళ్ళని పక్కన నిలబెట్టుకునే దిద్దుతాడు. ఫోటోలో ఉండేది కెమెరాని చూసిన చూపు, మనుషుల్ని చూసిన చూపు కాదంటాడు. పోయినవాళ్ళు ఎట్లా చూసేవాళ్ళో ఇంటివాళ్ళు చెప్పాలి, అప్పుడే ఉలి పడాలి. ఆ మాట ఈ పల్నాడంతా తెలుసు. ఎక్కడెక్కడి నుంచో పోయినవాళ్ళ ఫోటోలు పట్టుకుని దుర్గి వస్తారు. దూరమని ఎంచుకున్న ఊరికి దూరాల నుంచి జనం వస్తారన్న సంగతి రేచల్‌కి ఆ క్షణం దాకా తట్టలేదు.

"చెప్పకుండా పని చోటు వదిలి పోగూడదని మీరే అన్నారు. పోతానని మేస్త్రికి చెప్తే ఎందుకంటాడు. ఏం చెయ్యాలో తెలవక మిమ్మల్ని పిలిచా" అన్నాడు నెహెమ్యా. వయసులో ఆమె కన్నా పెద్దవాడు, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె కోపం చల్లారింది. చట్టాన్ని ఇంత నమ్మినవాణ్ణి ఆమె ఆ ఉద్యోగంలో చూడలేదు.

"సంచి తీసుకో. వెనక దోవన రోడ్డెక్కి నడికుడి బస్సు ఎక్కు. మిగతాది నేను చూసుకుంటా."

ఆ మాట పూర్తి కాకముందే గేటు దగ్గర కారు ఆగిన చప్పుడు. రోడ్డు మీద ఎవరో మగమనిషి ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. పుల్లయ్య ఉలీ సుత్తీ పట్టుకుని, "ఇటు రండమ్మా, ఇటు" అని దారి చూపిస్తూ పంచ వైపే వస్తున్నాడు. ఆయన వెనక పొట్టిగా, నిటారుగా, నుదుట విభూతి రేఖతో ఒక పెద్దావిడ. చెన్నకేశవులు తల్లి సుందరమ్మ.

నెహెమ్యా తువ్వాలు ముక్కు మీదికి లాక్కుని కింద కూర్చుని ఏదో రాయి రుద్దడం మొదలుపెట్టాడు. అతన్ని అట్లా వదిలేసి రేచల్ పక్కకి తప్పుకుంటే సరిపోయేది. దుమ్ములో కూర్చున్న కూలీని ఎవరు చూస్తారు? కానీ ఆమె లేచి అతనికి అడ్డంగా నిలబడింది. కాపాడే మనిషి చేసే పొరపాటు అది.

సుందరమ్మ ముందు బొమ్మని చూసింది. దగ్గరికి పోలేదు. చాలాసేపు అక్కడే ఆగిపోయి పెదవులు బిగబట్టింది. తర్వాత చూపు తిప్పుకోవడానికన్నట్టు పక్కకి తిరిగింది. ఎదురుగా రేచల్.

"నిన్నెక్కడో చూశానమ్మాయ్."

రేచల్ నెహెమ్యాకి ఇంకాస్త అడ్డంగా జరిగింది.

"మా ఇంటికొచ్చావు నువ్వు. గడప అవతల చెప్పులిడిచి లోపలికొచ్చావు. మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చున్నావే గానీ తాగలా." పెద్దావిడ గొంతులో తొట్రుపాటు లేదు. "వాణ్ణి వదిలితే మీకేమన్నా అభ్యంతరమా అని అడిగిన ఆఫీసరమ్మవు కదూ?"

విడుదలకి ముందు చనిపోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి అడగడం కూడా రేచల్ పనే. ఆ రోజు సుందరమ్మ ఔననలేదు, కాదనలేదు. "నేను వద్దంటే ఆపుతారా?" అని అడిగింది. అదొక్కటే చూడరమ్మా అని రేచల్ నిజమే చెప్పింది. "మరి నన్నెందుకు అడిగినట్టు?" అంది ఆవిడ. ఆ ప్రశ్న రేచల్‌ని ఇప్పటికీ వదల్లేదు.

"ఇక్కడేంది నువ్వు?"

"పని మీద వచ్చానమ్మా."

"నీ పని ఏందో నాకు తెలుసు కదా."

అనేసి, తన మాట తనకే వినపడినట్టు ఆగింది సుందరమ్మ. ఆవిడ చూపు మెల్లగా రేచల్ భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది. కింద కూర్చున్న మనిషి చేతిలో రాయి ఆగిపోయింది. సుందరమ్మ అతన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టింది రేచల్‌ని. దాంతోనే అంతా తెలిసిపోయింది.

నెహెమ్యా లేచాడు. తువ్వాలు తనే కిందికి లాగాడు.

"నువ్వేనంట్రా?"

"నేనే పెద్దమ్మా."

పాత పిలుపు. ఆ కొట్టు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగిన రోజుల నాటిది. నోరు జారినందుకు అతను తల దించుకున్నాడు. ఆ పిలుపు వినగానే సుందరమ్మ కూడా మొహం చిట్లించింది. పుల్లయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అర్థమయ్యేసరికి ఆయన చేతిలో సుత్తి కిందికి వాలిపోయింది. "చెప్పమాకన్నది నేనే గదమ్మా" అని గొణిగాడు. 

"ఈ మొహం ఎవరు నునుపు చేసింది?" అంది సుందరమ్మ.

"నేనే."

ఆవిడ బొమ్మ దగ్గరికి వెళ్ళి కుడి కణత మీద వేలు పెట్టింది. "ఇక్కడ కూడానా?"

"ఆడ కూడా."

ఇక చూస్తూ ఊరుకోవడం రేచల్ వల్ల కాలేదు. "అమ్మా, ఇతన్ని ఇక్కడ పెట్టింది నేను. ఇతనికి తెలిసి జరిగింది కాదు. కానీ మీ కంటపడ్డాడు, అది షరతు తప్పడమే. మీరు ఫిర్యాదు చేస్తే మళ్ళీ జైలుకి పోతాడు. మీరు చెయ్యమంటే ఇప్పుడే, నా చేత్తోనే రాస్తా" అంది.  సంవత్సరం పాటు ఒక మనిషిని నిలబెట్టుకుంటూ వచ్చి, ఒక్క మాటతో కూలదొయ్యమని ఇంకొకరి చేతికి అందించడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఆ రోజు నా మాట ఒక్కటే చూడరన్నావు. ఇయ్యాల చూస్తారా?"

"ఇవాళ మీ మాటే చూస్తారమ్మా."

సుందరమ్మ తల ఊపింది. ఆవిడకి తొందర లేదు. నెహెమ్యా వైపు తిరిగింది.

"కళ్ళు దిద్దాలంటే ఎట్టా చూసేవాడో ఇంటివాళ్ళు చెప్పాలంట. ఆ పూట నేను పిడుగురాళ్ళ పోయా. వచ్చేసరికి వాడి కళ్ళు మూసేశారు." ఆవిడ గొంతు అప్పుడు వణికింది. "వాడి ఆఖరు చూపు చూసింది నువ్వు. నేను కాదు. చెప్పరా. ఎట్టా చూశాడు నా బిడ్డ?"

 అవతల షెడ్డులో మిషను రాయిని కోస్తూనే ఉంది.

"కోర్టులో అడిగినా చెప్పలా పెద్దమ్మా. ఎవరూ అట్టా అడగలా" అన్నాడు నెహెమ్యా. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "కోపంగా చూడలా. గుండు ఎత్తినా నేను కొడతానని అనుకోలా. 'ఊరుకో నెహెమ్యా' అని నవ్వబోయాడు. తెలిసినోణ్ణి చూసినట్టే చూశాడు."

సుందరమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు బయటికి రానివ్వలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ ఎన్ని రకాలుగా ఊహించుకుని ఉంటుందో! బెదిరిపోయిన చూపు, అమ్మా అని పిలిచిన చూపు. వాటిలో ఇది ఉండి ఉండదు. కాసేపటికి కొంగు దించి పుల్లయ్యతో అంది.

"విన్నారుగా. అట్టాగే దిద్దండి."

పుల్లయ్య దిమ్మ ఎక్కాడు. ఉలి చప్పుడు చిన్నగా, ఆగి ఆగి వినిపించింది. రాతి రెప్పల కింద చూపు పుట్టడం రేచల్ కళ్ళారా చూసింది. ఎదుటి మనిషి ఎవరో తెలిసిన చూపు, ఇంకాసేపట్లో నవ్వబోయే చూపు. నెహెమ్యా దానికి ఎదురుగా నిలబడే ఉన్నాడు. జైల్లో అన్నేళ్ళుండి కూడా అంత శిక్ష అతను అనుభవించి ఉండడని రేచల్‌కి అనిపించింది. ఆమెకి అతని మీద జాలేసింది. అంతలోనే ఆ తల్లిని చూసి ఆ జాలికి సిగ్గుపడింది.

"అమ్మా, ఎంతసేపే?"

లోపలికొచ్చినవాడు చిన్నబ్బాయి శశికాంత్. అన్న పోయినప్పుడు గుంటూరు హాస్టల్లో చదువుకుంటున్న పిల్లాడు, ఇప్పుడు కొట్టూ గోడౌనూ నడిపే ఒడ్డూ పొడుగూ ఉన్న మగాడు. నెహెమ్యాని వదిలారని తెలిసిన రోజే ఊరి నడిబొడ్డున అన్న విగ్రహం పెట్టిస్తానన్నాడు. వాడు ఎక్కడ కనపడితే అక్కడే లెక్క తేలుస్తానని కూడా నలుగురిలో అన్నాడు. ఆ మాట రేచల్ చెవిన పడి చానాళ్ళైంది.

బొమ్మని చూసి శశికాంత్ నిలబడిపోయాడు. "అన్నే. అచ్చం అన్నేనే అమ్మా" అన్నాడు. మొరటు గొంతు చిన్నపిల్లాడిదయిపోయింది. కళ్ళు ఒత్తుకుని అప్పుడు చూశాడు నెహెమ్యాని.

"ఇతనేంది, ఏడుస్తున్నాడు?"

పుల్లయ్య ఉలి జారవిడిచాడు. రేచల్ ఒక అడుగు ముందుకి వేసింది.

"పనోడురా. కంట్లో దుమ్ము పడింది" అంది సుందరమ్మ.

నమ్మాడు. నమ్మకపోవడానికి అతనికి కారణం లేదు. ఫోన్ బయటికి తీసి, "చేసినోళ్ళు కూడా పక్కన నిలబడండి. ఊరి గ్రూపులో పెడతా" అన్నాడు. పుల్లయ్య కాళ్ళీడ్చుకుంటూ వచ్చి నిలబడ్డాడు. నెహెమ్యా కదల్లేదు, తప్పుకోనూ లేదు. వద్దంటే ఎందుకంటాడు. రేచల్ అక్కడే నిలబడి, ఫోటో తీసిన చప్పుడు వినాల్సి వచ్చింది.

"ఆదివారం విగ్రహం నిలబెడతాం. మీ తరఫున ఎవరొస్తారు?" అని పుల్లయ్యని అడిగాడు శశికాంత్.

"ఇతనే రావాల" అంది సుందరమ్మ, నెహెమ్యాని చూపిస్తూ. "నునుపు చేసిన చేత్తోనే నిలబెట్టాల. వస్తాడు."

"నీ పేరేంది?"

"నాని" అంది సుందరమ్మే, అతనికన్నా ముందు.

శశికాంత్ ఫోన్లో వేలితో నొక్కుకుంటూ కారు వైపు నడిచాడు. సుందరమ్మ పోతూ పోతూ రేచల్ చెయ్యి పట్టుకుంది. ముసలి చెయ్యి గానీ పట్టు గట్టిది.

"నువ్వే వెంటబెట్టుకుని రా అమ్మాయ్."

"అమ్మా, ఆ ఊళ్ళో అతను అడుగు పెట్టకూడదు. పెడితే..."

"నా మాటే చూస్తారన్నావుగా."

రేచల్ ఆవిడ కళ్ళలోకి చూసింది. ఎంతోమంది నేరం చేసినవాళ్ళ కళ్ళు చదివిన మనిషి. ఈ తల్లి అతన్ని క్షమించి పిలుస్తోందో, కొడుకు పోయిన చోటికే రప్పించి అప్పగించబోతోందో ఆమెకి అంతుపట్టలేదు. సుందరమ్మ చెయ్యి వదిలి వెళ్ళిపోయింది.

కారు కదిలింది. నెహెమ్యా బొమ్మ మీద పడిన రాతిపొడిని నీళ్ళతో కడుగుతున్నాడు.

"ఏం చేద్దాం మేడం?"

"నన్ను కాస్త ఆలోచించుకోనియ్యి" అంది రేచల్. అని రోడ్డు వైపు చూసింది.

మలుపు దగ్గర కారు ఆగి ఉంది.

ఆ ఫోటో పడిన ఊరి గ్రూపులో ఎంతమంది ఉంటారు? నెహెమ్యాతో కలిసి పత్తి తీసినవాళ్ళు, కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్ళు, అతను బుద్ధిగా కూర్చుని ప్రార్థన చేసిన చర్చివాళ్ళు. గడ్డం నెరిస్తే మాత్రం, వాళ్ళలో ఒక్కరన్నా పోల్చుకోరా?

"పారిపో" అని రేచల్ అనలేదు. ఆఫీసరుగా ఆ మాట అనకూడదు. కానీ గొంతు దాకా వచ్చింది. నెహెమ్యా కూడా కారుని చూశాడు. చెంబు కింద పెట్టాడు. తువ్వాలు మొహానికి కట్టుకోలేదు, మడిచి భుజాన వేసుకుని బొమ్మ పక్కనే నిలబడ్డాడు.

కారు వెనక్కి రావడం మొదలుపెట్టింది. గేటు ముందు పూర్తిగా ఆగకముందే తలుపు తెరుచుకుంది.